80 నిమిషాలే కావచ్చు, టికెట్ మాత్రం దండగ కాదు

లండన్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకైనా, వారాంతంలో న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ నాటకశాలల అడ్డా బ్రాడ్‌వేకి బయల్దేరే కుటుంబాలకైనా ‘సిక్స్’ అనే మ్యూజికల్, అంటే పాటల నాటకం, దగ్గరికొచ్చేసరికి ఒకటే సందేహం. గంటా ఇరవై నిమిషాలకే అయిపోతుందట, ఇంటర్వెల్ లేదట, సెట్టు కూడా ఒక్కటేనట. రెండున్నర గంటలు ఆడే పెద్ద మ్యూజికల్‌కి పెట్టినట్టే దీనికీ డబ్బు పోసి, కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే లేచి రావాలా?

వెళ్లాల్సిందే. నిడివి తక్కువైనా పర్వాలేదని సర్దిచెప్పుకుని కాదు, తక్కువ గనకే వెళ్లాలి.

సంగతి చాలామందికి తెలిసిందే. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఆరుగురు భార్యలు. ఇద్దరిని వదిలించుకున్నాడు, ఇద్దరి తల తీయించాడు, ఒకామె బిడ్డను కని పోయింది, ఒకామె అతనికంటే ఎక్కువ కాలం బతికింది. ఆ ఆరుగురూ ఇప్పుడు పాప్ కచేరీకి దిగి, అందరికంటే ఎక్కువ బాధపడింది ఎవరో పాటలతో తేల్చుకుంటారు. టోబీ మార్లో, లూసీ మాస్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థులు రాస్తే 2017లో ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవంలో మొదలైంది. బ్రాడ్‌వేలో 2020 మార్చి 12న తెర లేవాల్సి ఉండగా సరిగ్గా ఆ రోజే కొవిడ్ వల్ల అక్కడి థియేటర్లన్నీ మూతపడ్డాయి. చివరికి 2021 అక్టోబర్‌లో మొదలై, 2022లో సంగీత సాహిత్యాలకు, గాబ్రియెల్లా స్లేడ్ చేసిన దుస్తులకు టోనీ అవార్డులు తెచ్చుకుంది.

వద్దనేవాళ్ల వాదనలో పస లేకపోలేదు. ఇది నాటకం కాదు, కచేరీ అంటారు. నిజమే, కథ నడవదు. ఒక్కో రాణి వంతు వస్తుంది, పాడుతుంది, పక్కకు జరుగుతుంది. చివర్లో పోటీ మీద వాళ్లే తిరగబడే మలుపు కూడా ముందే పసిగట్టొచ్చు. దృశ్యాలు మారవు, మొదట కనిపించిన వేదికే చివరిదాకా ఉంటుంది. ఆరుగురు స్త్రీల జీవితాలను ఒక్కో పాటలో కుదించడం చరిత్రకు అన్యాయమనే ఫిర్యాదూ ఉంది. ఇవన్నీ ఒప్పుకున్నా, టికెట్ ధరను నిమిషాలతో భాగించి చూడటం మాత్రం పట్టుచీరను తూకం వేసి కొనడమే.

కాలాన్ని కుర్చీ వైపు నుంచి కాకుండా వేదిక వైపు నుంచి కొలిచి చూడండి. మామూలు మ్యూజికల్లో ప్రధాన పాత్రధారి ఎంత కష్టపడ్డా మధ్యలో పక్క తెరల వెనక్కి వెళ్లే వీలుంటుంది. అక్కడ నీళ్ల సీసా, తువ్వాలు, దుస్తులు మార్చే మనిషి ఉంటారు. పావుగంట ఇంటర్వెల్ ఉంటుంది. ఆమె లేని దృశ్యాన్ని బృందం మోస్తుంది. ‘సిక్స్’లో మోయడానికి వేరే బృందమే లేదు. ఆరుగురూ మొదటి పాట నుంచి చివరిదాకా దాదాపు వేదిక మీదే ఉంటారు. తన పాటకు నాయిక, మిగతా ఐదుగురి పాటలకు వంత గాయని, నర్తకి. మడమ ఎత్తున్న బూట్లు, ఒంటికి బిగించిన మెరుపుల దుస్తులు అదనం. వాద్యాలు వాయించే నలుగురు స్త్రీలు కూడా వెనకాల వేదిక మీదే. రెండున్నర గంటల ప్రదర్శనలో సగటు నటి మీద పడే బరువు ఇక్కడ 80 నిమిషాల్లోనే పడుతుంది.

ఆ బరువు ఎక్కడ తెలుస్తుందో చూడాలంటే ఊపిరిని గమనించాలి. వేగంగా ఆడే ఒంటికి ఊపిరి గబగబా కావాలి, తీసినంతా వెంటనే వదలాలి. పాటకు దానికి సరిగ్గా వ్యతిరేకం కావాలి. రెప్పపాటులో నిండుగా పీల్చి, దాన్ని పొదుపుగా, ఒకే ఒత్తిడితో చరణం చివరిదాకా వదలాలి. ఈ రెండూ ఒకే ఛాతీలో ఒకేసారి జరగాలంటే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. ముందుగా పోయేది మాట చివరి హల్లు, దమ్ము చాలక గాయని దాన్ని మింగేస్తుంది. తర్వాత దీర్ఘంగా నిలబెట్టాల్సిన స్వరం కిందికి జారుతుంది. గెంతి దిగినప్పుడు మోకాలు వంచకపోతే ఆ అదురు పక్కటెముకలకు తగిలి గొంతు కుదుపుతుంది. ఊపిరి పొట్టలోకి దిగక భుజాలు లేస్తున్నాయంటే మెడ బిగుసుకుంది, స్వరం తోసినట్టు వస్తుంది. అలా తోసి పాడితే ఆ పూట గడుస్తుంది గానీ, వారానికి 8 ప్రదర్శనల లెక్కన ఆదివారానికి గొంతు బొంగురుపోతుంది.

దీనికి ఒంట్లో సత్తువ ఒక్కటే చాలదు, కూర్పులోనే విరుగుడు ఉండాలి. నృత్యం కూర్చినామె క్యారీ-ఆన్ ఇంగ్రూయీ. ఆమె ఎక్కడ కదలిక పెట్టారు, ఎక్కడ ఆపారు అనేది చూస్తే పని తెలిసిన చేయి ఇట్టే కనపడుతుంది. నిలబెట్టే స్వరం వచ్చినచోట నాయిక పాదాలు ఎడంగా వేసి నేలను పట్టుకుంటుంది, కదిలేవి చేతులు మాత్రమే. పాదం చురుకైనచోట మాటలు పొట్టివవుతాయి, లేదా ఆ వాక్యాన్ని మిగతా ఐదుగురు అందుకుంటారు. వాళ్లు అందుకున్న ఆ రెండు మాత్రల్లో, అంటే రెండు తాళపు దెబ్బల్లో, ఆమె ఊపిరి నింపుకుంటుంది. సాధన కూడా మెట్లుగా సాగుతుంది. ముందు లెక్క పెట్టుకుంటూ అడుగులు, తర్వాత అడుగులతో పాటు పాటను లయలో మాటల్లా చెప్పడం, ఆ తర్వాతే పాడటం. ఈ రకం ప్రదర్శనలకు తయారయ్యేవాళ్లు ట్రెడ్‌మిల్ మీద వేగంగా నడుస్తూ పాట మొత్తం పాడటం మామూలే. ఆయాసంలోనూ ఊపిరి ఎక్కడ తీయాలో ఒంటికి అలవాటవ్వాలని.

మూడో రాణి జేన్ సీమూర్ పాటను తీసుకోండి. ఆరంభ గీతం, మొదటి రాణి అరగాన్ పాట, రెండో రాణి బొలీన్ పాట, ఈ మూడూ పరుగు. నాలుగోదిగా ఆమె నెమ్మది పాట. ప్రేక్షకుడికి అది విశ్రాంతి, తక్కిన ఐదుగురికీ కాస్త తెరిపి. పాడే మనిషికి మాత్రం అది అన్నిటికంటే కష్టం. మూడు పాటలు ఎగిరి, గుండె ఇంకా కొట్టుకుంటుండగానే, కదలకుండా నిలబడి పొడవాటి స్వరాలు నిలపాలి. ఎగిరేటప్పుడు ఆయాసాన్ని ఆట కప్పేస్తుంది, నిలబడ్డప్పుడు కప్పేది ఏదీ ఉండదు. ఈమెకు ‘సులువైన పాట’ వచ్చిందనేవాళ్లు ఈ వరుసను ఒకసారి చూసుకోవాలి.

అసలు సంగతి ఐదో రాణి క్యాథరిన్ హోవర్డ్ పాటలో ఉంది. 1542లో తల తెగేనాటికి ఇరవై ఏళ్లు కూడా నిండాయో లేదో అనే వయసు. హుషారుగా, కొంటెగా మొదలవుతుంది. ఒక్కో చరణానికి ఒక్కో మగవాడు. సంగీతం నేర్పేవాడు మొదటివాడు, రాజు మూడోవాడు. పల్లవి బాణీ అదే, కదలికలు అవే. ఆమె మీద చేతులు వేసేవి పక్కనున్న రాణులే, మొదట్లో అది ఆటలో భాగంగానే కనిపిస్తుంది. చరణం గడిచేకొద్దీ అవే చేతులు మరీ దగ్గరికి వస్తాయి, తోసేసినా వదలవు. చివరి పల్లవికి గొంతులో వినపడేది నటించిన ఆయాసమా, నిజం ఆయాసమా తేల్చలేం, తేల్చాల్సిన పనీ లేదు. అలసట ఇక్కడ అర్థంలో భాగం. ఇదే పాట ఇంటర్వెల్ తర్వాత, తాజాగా మొహం కడుక్కుని వచ్చిన నటి పాడితే సగం చచ్చిపోతుంది. 80 నిమిషాలు ఎడతెరిపి లేకుండా ఎందుకు నడపాలో దీంతో తేలిపోతుంది. చిత్రీకరించిన ‘సిక్స్’ కూడా ఉంది గానీ, అందులో కెమెరా ముఖాన్ని చూపిస్తూ కాళ్లను కోసేస్తుంది. కాళ్లు కనపడని చోట ఊపిరి లెక్క అందదు.

వెళ్లేవాళ్లకు నాలుగు పనికొచ్చే మాటలు. లండన్‌లో ఇది ఆడే వాడెవిల్ థియేటర్ చిన్నది, 700 లోపు సీట్లు. న్యూయార్క్‌లో ఇది ఆడే లీనా హార్న్ థియేటర్ దానికంటే పెద్దది. మరీ ముందు వరుసకు పోతే చెమట కనపడుతుంది గానీ ఆరుగురి అమరిక కనపడదు. ఈ నృత్యంలో సగం అందం ఎవరు ఎవరి వెనక్కి ఎప్పుడు జరిగారన్నదే. కింద మధ్య వరుసలు, లేదా మొదటి బాల్కనీ ముందు భాగం మేలు. ఇంటర్వెల్ లేదు కాబట్టి మంచినీళ్లు, బాత్రూం పనులు ముందే కానిచ్చేయాలి. ఆలస్యంగా వెళ్తే పోయిన పాట మళ్లీ రాదు. బ్రిటిష్ యాస, వేగంగా దొర్లే శ్లేషలు కాబట్టి పాటల ఆల్బమ్ రెండుసార్లు విని వెళ్తే డబ్బు గిట్టుబాటవుతుంది. ఆ రోజు ప్రధాన నటి బదులు ఆల్టర్నేట్ వస్తోందని తెలిస్తే మొహం మాడ్చుకోవద్దు. ఒకటికి మించిన రాణుల పాటలు, అడుగులు, వంత స్వరాలు బుర్రలో పెట్టుకుని తిరిగే మనుషులు వాళ్లు. ఫోన్ పెట్టి వీడియో తీయాలనుకుంటే చివర్లో అన్ని పాటల ముక్కలూ కలిపి పాడే కలగూర పాటకు అనుమతి ఇస్తారు, అప్పటిదాకా జేబులోనే ఉంచండి. హోవర్డ్ పాట కారణంగా పదేళ్ల లోపు పిల్లలకు ఇది వద్దు.

ఆ పైబడ్డ పిల్లలను, ముఖ్యంగా అమెరికాలో, బ్రిటన్‌లో కూచిపూడి నేర్చుకుంటున్న మన పిల్లలను మాత్రం తప్పకుండా తీసుకెళ్లాలి. ఎందుకంటే అక్కడ వాళ్లు చూసేది ఒకప్పుడు మన దగ్గరే ఉండి, మనమే చేజార్చుకున్న విద్య.

బుర్రకథను ఒకసారి తలచుకోండి. ముగ్గురు మనుషులు, సెట్టు సున్నా. కథకుడు భుజాన తంబురా పెట్టుకుని, వేలి అందెలతో తాళం వేస్తూ, కాలి గజ్జెలతో అడుగు వేస్తూ, పాడుతూ, మధ్యలో మాట్లాడుతూ కథ నడుపుతాడు. గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ‘తందాన తాన’ అని వంతలు అందుకున్నప్పుడల్లా కథకుడికి ఊపిరి దొరుకుతుంది. మిగతా ఐదుగురు రాణులు అందుకునే వాక్యం చేసే పని సరిగ్గా అదే. షేక్ నాజర్ ఆటను, పాటను, మాటను విడదీయకుండా దాన్ని ఎక్కడికి తీసుకెళ్లారో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు, 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది.

కూచిపూడి కలాపంలోనూ అంతే. సత్యభామ వేషం కట్టినవాడు జడ తెర మీదుగా వేసి, పాత్రను పరిచయం చేసే పాట, ప్రవేశ దరువు, తానే పాడి, చెలికత్తె మాధవితో తానే వాదించి, తానే ఆడాలి. వాచికం, అంటే నోటితో పలికే అభినయం, అక్కడ అలంకారం కాదు, వేషంలో పావు వంతు. కూర్పు కూడా ఊపిరి తెలిసినవాళ్లు చేసిందే. అడుగు ఉరికినచోట జతి, అంటే అడుగుల లయను పలికే మాటలు, తాళాలతో ఆటను నడిపే నట్టువనారు చెబుతాడు, పాట వచ్చినచోట పాదం నెమ్మదిస్తుంది. తర్వాత గాయకులు పక్కన కూర్చుని పాడటం మొదలైంది. నర్తకికి నృత్తం, అంటే అడుగుల పని, పదునెక్కింది, ఆ లాభాన్ని కాదనను. కానీ అక్కడితో ఆగలేదు. ఇప్పుడు ఆ గాయకుడూ లేడు, పెన్ డ్రైవ్‌లో రికార్డు చేసిన ట్రాక్ ఉంది. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, ఇలా ఐదుగురిని పిలిస్తే రానుపోను ఖర్చులు, భోజనాలు, రెండు రిహార్సళ్లు. అంత భరించలేమంటారు నిర్వాహకులు, వాళ్ల బాధ వాళ్లది. నష్టం మాత్రం వేదిక మీద తెలుస్తుంది. మనిషి వాయిస్తే నర్తకి దమ్ము చూసి అరమాత్ర ఆగుతాడు, ఆమె ఊపులో ఉంటే ఇంకో తాళం చుట్టు పొడిగిస్తాడు. ట్రాక్ ఎవరికోసమూ ఆగదు. పళ్లెం మీద తరంగం ఆడే పిల్ల అంచు తప్పి సర్దుకునేలోపు పాట రెండు మాత్రలు ముందుకెళ్లిపోతుంది, ఇక చివరిదాకా వెంటాడటమే. తెలుగు సంఘాల మహాసభల్లో, పోటీల్లో ఇది కొత్త దృశ్యమేమీ కాదు.

పాడుతూ ఆడటం ఈ కాలం ఒంటికి సాధ్యమా అనేవాళ్లకు లండన్‌లో వారం వారం జవాబు దొరుకుతోంది. మన గురువులు చేయాల్సింది పెద్ద విప్లవమేమీ కాదు. రెండున్నర గంటల నృత్యనాటకం పక్కన పెట్టి, ఒక్క ప్రవేశ దరువు, ఒక సంవాదం తీసుకుని 20 నిమిషాలకు కుదించండి. మృదంగం ఒకటి, నట్టువాంగం చేస్తూ వంత అందుకునే మనిషి ఒకరు చాలు. శ్రుతిని నర్తకి గొంతుకు సరిపోయేలా పెట్టండి, రికార్డింగ్ శ్రుతికి ఆమెను లాగొద్దు. తలకు పెట్టే మైకును జుట్టు మొదట్లో, చెమట కారే దారికి పక్కగా అతికించండి, లేదంటే పది నిమిషాలకే చెమట దిగి మాట ముద్దగా వినపడుతుంది. మొదటి మూడు నెలలు దరువును నడకతో మాత్రమే పాడించండి, జతులు తర్వాత కలపండి. పోటీలు పెట్టేవాళ్లు వాచికానికి విడిగా మార్కులు పెడితే, ట్రాక్ మీద పెదవులు కదిపే పిల్లలకు ఆ గడిలో సున్నా వేయడానికి న్యాయనిర్ణేతలు వెనకాడకూడదు.