18+ స్టిక్కర్ పుస్తకం మీద, అసలు గొడవ టేబుల్ దగ్గర

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆటల్లో, అడల్ట్ కంటెంట్ మీద గొడవ ఎప్పుడూ పూర్తిగా ఆరదు, కొన్నాళ్లు సద్దుమణిగినట్టు ఉంటుంది, మళ్లీ ఏదో ఒక పుస్తకమో ఏదో ఒక సెషనో బయటపడగానే రాజుకుంటుంది. పిల్లలు ఆడే గేముల్లోకి ఈ చెత్తంతా ఎవరు తెచ్చారని ఒక వర్గం, మేం పెద్దవాళ్లం, తలుపేసుకుని మేం ఏం ఆడుకుంటే మీకెందుకని ఇంకో వర్గం. చిత్రం ఏంటంటే ఇద్దరూ కొట్టుకునేది పుస్తకాల గురించే. పుస్తకంలో ఏముంది, దాన్ని అమ్మొచ్చా, దాని మీద ఏ స్టిక్కర్ వెయ్యాలి అని. మా ఉద్దేశంలో నిజంగా మనుషులకి దెబ్బ తగిలిన చోట చాలాసార్లు పుస్తకం తప్పు లేదు, అక్కడ కూర్చున్నవాళ్లలో కొంతమందికి ఏం జరగబోతోందో ఎవరూ ముందు చెప్పలేదు, అంతే.

ఒకప్పుడు ఈ గేములు పద్ధతిగా ఉండేవి, ఇప్పుడే పాడయ్యాయి అనేవాళ్లకి ముందు ఒక మాట. ఈ గేముల్లో మొదటిదైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) 1974లో వచ్చింది. రెండేళ్లకి 1976లో ఎల్డ్రిచ్ విజార్డ్రీ అని దానికి ఒక అదనపు పుస్తకం వచ్చింది, దాని కవర్ మీదే బలిపీఠం మీద బట్టల్లేకుండా పడుకోబెట్టిన ఆడమనిషి బొమ్మ. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో అయితే సిటీలో ఎదురైన వేశ్య ఏ రకం మనిషో నూటికి లెక్కేసే పర్సంటైల్ డైస్ వేసి తేల్చుకోమని ఒక పట్టికే ఉంది, సీరియస్‌గానే ఉంది. అడల్ట్ కంటెంట్ మధ్యలో దొంగతనంగా దూరింది కాదు, మొదటి నుంచీ ఇంట్లోనే ఉంది, కాకపోతే అప్పట్లో ఎక్కువమంది ఆడేది కుర్రాళ్లు కాబట్టి అది ఎవరికి ఇబ్బందో అడిగిన నాథుడు లేడు.

ఆ తర్వాత వచ్చిన కలకలం వేరే దారి పట్టింది. 1982లో ప్యాట్రిషియా పుల్లింగ్ అనే అమెరికన్ తల్లి కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు, దానికి ఈ గేమే కారణమని ఆమె నమ్మింది, మరుసటి ఏడాది బ్యాడ్ అనే సంస్థ పెట్టింది, 1985లో 60 మినిట్స్ అనే టీవీ ప్రోగ్రాం దాకా ఆ ఆరోపణ వెళ్లింది. కొడుకుని పోగొట్టుకున్న తల్లి బాధని మేం తక్కువ చెయ్యం. కానీ ఆ సంస్థ ప్రచారంలో మంత్రతంత్రాలు, హత్య, రేప్, వ్యభిచారం, స్వలింగ సంపర్కం అన్నీ ఒకే గాటన కట్టేశారు, దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో తేడా లేకుండా పోయింది. అందుకే గేమ్ వేసే కంపెనీ సమాధానం కూడా అంత పైపైనే ఉంది. 1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి డీమన్, డెవిల్ అన్న పేర్లు మాయమయ్యాయి, కొన్నాళ్లకి అవే జీవులు తనారి, బాటెజు అనే కొత్త పేర్లతో తిరిగొచ్చాయి. కొమ్ములూ తోకలూ అక్కడే ఉన్నాయి. పేరు మారిస్తే గోల తగ్గుతుందని లెక్కేశారు, ఏ టేబుల్ దగ్గరైనా ఎవరైనా ఇబ్బంది పడుతున్నారా అన్నది ఆ లెక్కలో లేదు.

1991లో వాంపైర్ ది మాస్కరేడ్ వచ్చాక సీన్ మారింది, రక్తం, కోరిక, పశ్చాత్తాపం, ఇవే గేమ్ అసలు సరుకు, ఇది పెద్దవాళ్ల కోసమని వాళ్లే చెప్పుకున్నారు. 2002లో డి అండ్ డి కూడా బుక్ ఆఫ్ వైల్ డార్క్‌నెస్ తెచ్చి కవర్ మీద మెచ్యూర్ ఆడియెన్స్ అని అచ్చేసింది. మరుసటి ఏడాది బయటి పబ్లిషర్ ఒకరు శృంగారం మీద రూల్స్ బుక్ వేస్తామనేసరికి డి అండ్ డి యజమాని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంగారుపడి, బయటివాళ్లు తన డి20 లోగో వాడుకోడానికి ఇచ్చే లైసెన్స్‌లో మర్యాద షరతులు చేర్చింది, ఆ బుక్ ఆఫ్ ఎరోటిక్ ఫాంటసీ లోగో లేకుండా, రూల్స్ ఎవరైనా వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్ మీద 2003లో రానే వచ్చింది. మొత్తం గొడవలో కాస్త నవ్వు తెప్పించేది ఇదొక్కటే. చిత్రహింసలు, నరబలులు ఉన్న పుస్తకాన్ని సొంతంగా అమ్ముకున్న కంపెనీకి మరుసటి ఏడాదికల్లా ప్రేమ, కాపురం, కడుపు గురించి రూల్స్ రాస్తే పరువు పోతుందేమో అనిపించింది.

ఇక నవ్వులాటకి వీల్లేనివి రెండున్నాయి. 2015లో డ్రైవ్‌త్రూఆర్‌పీజీ అనే పెద్ద ఆన్‌లైన్ స్టోర్‌లో టోర్నమెంట్ ఆఫ్ రేపిస్ట్స్ అని ఒక పీడీఎఫ్ కనిపించింది, పేరులోనే అంతా ఉంది, అప్పట్లో పబ్లిషర్లు నేరుగా అప్‌లోడ్ చేసేవాళ్లు, ముందుగా చూసేవాళ్లు లేరు. గొడవయ్యాక అది స్టోర్ నుంచి పోయింది, స్టోర్ అభ్యంతరకర కంటెంట్ మీద ఒక పాలసీ పెట్టుకుంది, ఫిర్యాదులు తీసుకోవడం మొదలుపెట్టింది. సెన్సార్‌షిప్ అని అరిచినవాళ్లు ఉన్నారు, ఒక కొట్టువాడు నా షెల్ఫ్‌లో ఇది పెట్టను అంటే అది సెన్సార్‌షిప్ ఎలా అవుతుందో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. రెండోది 2018లో, వాంపైర్ ఐదో ఎడిషన్ పుస్తకం ఒకదాంట్లో రష్యాలోని చెచెన్యాలో గే మనుషుల మీద జరుగుతున్న దారుణాలు, అప్పటికి ఏడాది కిందటే ప్రపంచమంతా వార్తల్లో చదివినవి, అవన్నీ వాంపైర్లు తమ పని కప్పిపుచ్చుకోడానికి ఆడిన నాటకం అన్నట్టు రాశారు. అందులో బూతు లేదు. అయినా ఈ మొత్తం చరిత్రలో మాకు అన్నిటికంటే ఎబ్బెట్టుగా అనిపించింది అదే, ఎందుకంటే అక్కడ హింస పడుతున్న మనిషి బతికే ఉన్నాడు, వాడి బాధ ఇంకొకడి ప్లాట్ ట్విస్ట్ అయింది. యజమాని కంపెనీ ప్యారడాక్స్ క్షమాపణ చెప్పింది, ఆ భాగం తీసేసింది, తన చేతి కింద వాంపైర్ వేసే వైట్ వోల్ఫ్ విడిగా పుస్తకాలు వేసే పద్ధతికే తెర దించింది. మంచి పనే చేసింది.

ఈ రెండిటి విషయంలో పబ్లిషర్‌నీ స్టోర్‌నీ నిలదీయాల్సిందే, సందేహం లేదు. అయితే 2019లో బర్మింగ్‌హామ్‌లో యూకే గేమ్స్ ఎక్స్‌పో అనే గేముల మేళాలో జరిగింది చూడండి. థింగ్స్ ఫ్రమ్ ది ఫ్లడ్ అనే గేమ్, టీనేజ్ పిల్లలు, వింత యంత్రాలు, రహస్యాలు, కొంచెం దిగులు, పుస్తకంలో వెతికినా రోత పుట్టించేది ఏమీ దొరకదు. దాన్ని నడిపిన గేమ్ మాస్టర్, అంటే కథ చెప్పి ఆట నడిపే మనిషి, ప్లేయర్ల క్యారెక్టర్ల మీద గ్యాంగ్ రేప్ జరిగినట్టు కథ చెప్పాడు, ఒకరికొకరు పెద్దగా తెలియని మనుషులు కూర్చున్న టేబుల్‌లో, ఏ సూచనా లేకుండా. నిర్వాహకులు అతని మిగతా గేములన్నీ ఆపేసి మళ్లీ రావొద్దన్నారు. 2020లో ఇలాంటిదే ఇంకోటి, పేరున్న గేమ్ మాస్టర్ నడిపే లైవ్ షోలో ఒక ప్లేయర్ క్యారెక్టర్ మీద లైంగిక దాడిలాంటి సీన్ ముందు ఒక్క మాట అడగకుండా చూసేవాళ్లందరి ముందూ నడిచింది, ఆ షో అక్కడితో ఆగిపోయింది. ఈ రెండు చోట్లా పుస్తకం మీద ఎంత పెద్ద స్టిక్కర్ వేసినా ఉపయోగం ఉండేదా? ఉండేది కాదు, ఎందుకంటే ఆ సీన్ పుస్తకంలో లేదు, అప్పటికప్పుడు ఒక మనిషి నోట్లోంచి వచ్చింది.

ఇటు తిప్పి చూడండి. మాన్‌స్టర్‌హార్ట్స్ అని 2012లో వచ్చిన గేమ్ ఉంది, టీనేజ్ రాక్షసుల ప్రేమలు, ఈర్ష్యలు, సెక్స్ జరిగితే ఏమవుతుందో చెప్పే రూల్స్ కూడా ఉన్నాయి. బ్లూబియర్డ్స్ బ్రైడ్ 2017లో వచ్చింది, పెళ్లయి కొత్త ఇంటికి వచ్చిన ఆడపిల్ల భయమే గేమ్ మొత్తం. స్టిక్కర్ లెక్కన చూస్తే వీటి కంటే ప్రమాదకరమైనవి లేవు. కానీ ఈ గేములు ఆడేవాళ్లు దేనికి కూర్చుంటున్నారో తెలిసి కూర్చుంటారు, ఎక్కడ ఆగాలో ఎలా మాట్లాడుకోవాలో ఆ పుస్తకాలే చెప్తాయి, అందుకే వీటిని బరువైన విషయాలు ఆడే పద్ధతికి ఉదాహరణగా చూపిస్తారు.

సినిమాకి ఏ సర్టిఫికెట్ ఇచ్చినా ఏ హాల్లో చూసినా సినిమా ఒకటే. వీడియో గేములకి అమెరికాలో 1994 నుంచి ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థ ఇచ్చే వయసు రేటింగ్ ఉంది, అక్కడా డిస్క్‌లో ఉన్నదే ఆడతారు, ఆన్‌లైన్‌లో తోటి ప్లేయర్లు తిట్టే తిట్లకి మాత్రం వాళ్లూ రేటింగ్ ఇవ్వలేమనే అంటారు. టేబుల్‌టాప్ అంటే మొత్తం ఆ రేటింగ్ ఇవ్వలేని భాగమే. పుస్తకం ఒకటి, టేబుళ్లు వెయ్యి, ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో కథ. పైగా క్యారెక్టర్ నాది, నేను నేను అంటూ ఆడతాను, దానికి జరిగింది నాకు జరిగినట్టే తగులుతుంది, తగలకపోతే ఈ ఆట ఆడటమే దండగ. అందుకే పన్నెండేళ్ల వాళ్ల గేమ్ కూడా తప్పుడు చేతుల్లో పడితే చేదవుతుంది, ఘోరమైన పుస్తకం కూడా ఒకరినొకరు ఎరిగిన నలుగురి మధ్య మంచి రాత్రి అవుతుంది.

ఆడేవాళ్లు దీనికి దారులు ఎప్పుడో కనిపెట్టుకున్నారు. లైన్స్ అండ్ వెయిల్స్ అని రాన్ ఎడ్వర్డ్స్ అనే గేమ్ డిజైనర్ 2000ల మొదట్లోనే రాశాడు, లైన్ అంటే ఇది మా గేమ్‌లోకి రాదు, వెయిల్ అంటే వస్తుంది కానీ తెర వెనక జరుగుతుంది, చూపించం. ఎక్స్ కార్డ్ అని జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసినది ఇంకోటి, టేబుల్ మధ్యలో ఒక కార్డు, ఎవరైనా ముట్టుకుంటే ఆ సీన్ వదిలేసి ముందుకెళ్లాలి, కారణం అడగకూడదు. 2019లో కన్సెంట్ ఇన్ గేమింగ్ అనే చిన్న పుస్తకాన్ని చెక్‌లిస్ట్‌తో సహా ఫ్రీగా ఇచ్చారు, 2020 నాటికి డి అండ్ డి అధికారిక పుస్తకంలోకే సెషన్ జీరో, అంటే ఆట మొదలుపెట్టకముందే ఏది కావాలో ఏది వద్దో కూర్చుని మాట్లాడుకోవడం, వచ్చేసింది. ఇవి ఆట మూడ్ చెడగొడతాయని, సున్నిత మనస్కుల కోసం తెచ్చిన వేషాలని ఎగతాళి చేసేవాళ్లకి మా ప్రశ్న ఒకటే, రేప్ సీన్ గురించి ముందు పది నిమిషాలు మాట్లాడితే పోయే మూడ్, చెప్పకుండా ఆ సీన్ పెట్టి ఒక మనిషి లేచి వెళ్లిపోతే పోదా?

అలాగని కార్డు పెట్టేస్తే పనైపోయిందనే ఉత్సాహం కూడా మాకు లేదు. టేబుల్ దగ్గర ఐదుగురుంటే, వాళ్లలో నలుగురు ఒకరికొకరు ఫ్రెండ్స్ అయితే, ఐదో మనిషిగా మొదటిసారి వచ్చిన పందొమ్మిదేళ్ల అమ్మాయి ఆ కార్డు ముట్టుకుంటుందని నమ్మడం కష్టం. నవ్వేస్తుంది, నీళ్లు తాగుతుంది, ఇంటికెళ్లిపోయి మళ్లీ రాదు. బాధ్యత మొత్తం ఇబ్బంది పడినవాళ్ల చేతికి ఇచ్చి చూశావా మేం ఎంత సేఫో అనడం కొన్ని చోట్ల అలవాటైపోయింది, అది పనికిరాదు. ముందు నోరు విప్పాల్సింది గేమ్ నడిపేవాడు.

ఇంకో వైపు నుంచి వచ్చిన ముప్పు వేరే రకం. 2025 జులైలో ఇచ్.ఐఓ అనే, సొంతంగా గేములు చేసేవాళ్ల ఆన్‌లైన్ మార్కెట్‌లో అడల్ట్ ట్యాగ్ ఉన్నవన్నీ రాత్రికి రాత్రి సెర్చ్‌లో కనిపించకుండా పోయాయి, ఒక వీడియో గేమ్ మీద ఆస్ట్రేలియా సంస్థ కలెక్టివ్ షౌట్ చేసిన ప్రచారం పేమెంట్ కంపెనీల దాకా వెళ్లింది, వాళ్ల ఒత్తిడి తట్టుకోలేక సైట్ అన్నీ ఒకేసారి దాచేసింది. ఆ సైట్‌లో చిన్నచిన్న టేబుల్‌టాప్ గేములు రాసి అమ్ముకునేవాళ్లూ బోలెడుమంది. నిజాయితీగా ట్యాగ్ పెట్టినవాడే దొరికిపోయాడు, పెట్టకుండా దాచినవాడు హాయిగా ఉన్నాడు. ఇలా అయితే రేపటి నుంచి ఎవడు ట్యాగ్ పెడతాడు? కార్డు గీకి డబ్బు మార్చే కంపెనీకి ఏది బూతు ఏది బాధ ఏది కథ అని తేల్చే పని ఎవరూ అప్పగించలేదు, చట్టం ఒప్పుకున్న పుస్తకాన్ని బ్యాంకు లెక్కల్లోంచి తీసేయడాన్ని మేం ఒప్పుకోం. స్టోర్ తన షెల్ఫ్ తాను తేల్చుకోవడం వేరు, అన్ని స్టోర్ల మెడ మీదా ఒకే కత్తి వేలాడటం వేరు.

కాబట్టి మేం అడిగేవి పెద్దవేం కాదు. పబ్లిషర్లు 18+ అనే మొద్దు మాట మానేసి లోపల ఏముందో విడమర్చి రాయాలి, లైంగిక హింస ఉందా, పిల్లలకి హాని ఉందా, నిజంగా జరిగిన దారుణం ఏదైనా వాడుకున్నారా అని. స్టోర్లు ఆ వివరం చూడకుండా అమ్మకానికి పెట్టకూడదు, తీసేస్తే ఎందుకు తీశారో రాసినవాడికి చెప్పాలి, అప్పీల్‌కి దారి ఉండాలి. కన్వెన్షన్ (గేముల మేళా) నిర్వాహకులు గేమ్ మాస్టర్ స్లాట్ అడిగిన రోజే కంటెంట్ లిస్ట్ రాయించుకుని టికెట్ కొనే పేజీలో వెయ్యాలి, ఆ లిస్ట్ దాటితే గేమ్ ఆపే అధికారం ఉన్న మనిషి హాల్లో తిరుగుతూ కనపడాలి, ఫిర్యాదు ఈమెయిల్‌లో పెట్టండి మూడు రోజుల్లో చూస్తాం అనే మాట అక్కడ చెల్లదు. ఇంట్లో సొంత స్నేహితులతో ఆడుకునే పెద్దవాళ్ల జోలికి ఎవరూ వెళ్లక్కర్లేదు, మేమూ వెళ్లం.