అరిటాకు కార్డు

మా బావది తణుకులో పెళ్లిళ్ల కేటరింగ్. ఆ మధ్య ఒక పెళ్లిలో తనిచ్చిన విజిటింగ్ కార్డు మూలని మడతపెట్టి, పెళ్లికొడుకు మేనమామ తాపీగా పళ్లు కుట్టుకోవడం కళ్లారా చూశాడు. మర్నాడే నన్ను వెంటేసుకుని డీటీపీ షాపుకి వచ్చాడు.

"జనం దాచుకునేలా ఉండాలి. పళ్లు కుట్టుకోడానికి పనికిరాకూడదు."

కోరల్‌డ్రాలోంచి తలెత్తకుండానే కుర్రాడన్నాడు: "350 జీఎస్‌ఎమ్ దళసరి అట్ట వేసుకోండి సార్. కుట్టుకుంటే చిగుళ్లే పోతాయి."

బావకి ఆ మాట నచ్చింది. మూడున్నర అంగుళాలకి రెండంగుళాల మామూలు కార్డు వద్దనుకుని, అరిటాకు ఆకారంలో డై కటింగ్ ఖాయం చేశారు. ముదురాకుపచ్చ, మ్యాట్ లామినేషన్, అక్షరాలన్నీ గోల్డ్ ఫాయిల్. కుర్రాడు ఆకు గీసి చూపించాడో లేదో బావ ఇంతెత్తున లేచాడు.

"కొస కుడివైపు పెట్టావేంటయ్యా? తినేవాడి ఎడమచేతి వైపు కదా ఉండాలి! ఇది చూసి ఏ పెళ్లివారైనా నన్ను గాడిపొయ్యి దగ్గరికి రానిస్తారా?"

కొస తిరిగింది. తర్వాత ఈనె మరీ లావుగా ఉందన్నాడు. ఆకు మీద నెయ్యి చుక్క పడాలన్నాడు. పడ్డ చుక్క డాల్డాలా ఉందన్నాడు. ఈ గొడవలో ఫోన్ నెంబరుకి చోటు మిగల్లేదు. చీమతలకాయలంత అంకెలతో దాన్ని ఈనె వెంబడే దూర్చారు. ఒక ప్రూఫ్ తీయించు బావా అన్నాను. బావమరిది మాట ఎవరికి కావాలి?

వెయ్యి కార్డులొచ్చాయి. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా ఉన్నాయి. పర్సులో పెడితే కొస బయటికి పొడుచుకొస్తుందే గానీ, ఒక్కరూ పారేయలేదు. పిల్లలు బొమ్మలకి వాటిలోనే భోజనాలు పెట్టారు. ఫోన్లు మాత్రం రాలేదు. మాఘమాసం, ఊరంతా బాజాలు, బావ ఫోను మాత్రం మూగనోము పట్టింది.

చివరికి అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. అంత సన్నటి అంకెల మీద ఫాయిల్ అద్దేసరికి 6 నోరు మూసుకుపోయి 8 అయింది. ఆ 8 ఉన్న నెంబరు ఆయనది. ఎవరిచేతో కార్డు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుని, భూతద్దం పెట్టి గుట్టు విప్పారు.

"రాంగ్ నెంబరని పెట్టేయకపోయారా అండీ?" అన్నాడు బావ.

"శుభకార్యమని ఫోన్ చేస్తే ఎట్ల పెట్టేసేది సార్? అన్నీ రాసిపెట్టినా, వినండి. అత్తిలి వాళ్లకి 500 మంది. పనసపొట్టు కూర, గుత్తొంకాయ రెండూ ఎందుకని ఒకటి కొట్టేయించినా. పూర్ణం బూరెలు తీసేసి ఓళిగలు రాసినా."

బావ కుర్చీలోంచి లేచిపోయాడు. "బూరెలు తీసేశారా? గోదావరి జిల్లా పెళ్లిలో?"

"వాళ్లు ఒప్పుకున్నారు సార్."

అరగంట వాదించినా మాస్టారు తగ్గలేదు. బావ అత్తిలి వాళ్ల నెంబరు తీసుకుని, అసలు కేటరర్ని నేనే, బూరెలు లేకుండా పెళ్లేంటని గదమాయించాడు. అవతల పెద్దాయన అంతా విని, "మీరెవరో మాకు తెలీదండీ, మేం మాస్టారితో మాట్లాడుకున్నాం" అని ఫోన్ పెట్టేశాడు.