కోత దాకా నిలవాలి, ఆ తర్వాతే కరగాలి

క్యాబేజీలో గొంగళి పురుగు కనిపించాక మందు కొట్టడం కంటే, తల్లి పురుగును ఆకు మీద గుడ్లు పెట్టనివ్వకపోవడం మేలు. మడిపై కప్పే పలుచని తెల్లగుడ్డ చేసే పని అదే. క్యాబేజీ ఆకులపై గుడ్లు పెట్టే చిన్న రెక్కల పురుగు డైమండ్‌బ్యాక్ మాత్‌నే తీసుకోండి. బీటీ మందును (ఒక బ్యాక్టీరియా నుంచి చేసే పురుగుమందు) పొలంలోనే తట్టుకోవడం నేర్చిన మొదటి పురుగు అది. మందులకైతే అలవాటు పడుతుంది గానీ, అడ్డంగా ఉన్న గుడ్డను దాటడం దాని వల్ల కాదు.

చిక్కంతా ఆ గుడ్డ దేనితో చేశారన్న దగ్గరే. ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. చదరపు మీటరుకు ఇరవై గ్రాములు కూడా తూగదు. ఎండకు పెళుసెక్కి, చేత్తో పట్టుకుంటే చిరిగి, పీలికలై మట్టిలో ఉండిపోతుంది. పంటలు, పశువుల పెంపకంలో ఏటా 1.25 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వాడుతున్నామని ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ 2021లో లెక్కగట్టింది. అందులో ఏరి తీయడానికి చేతికి చిక్కనిది ఇలాంటి పలుచని సరుకే.

మట్టిలో కలిసిపోయే ప్రత్యామ్నాయం అనగానే పీఎల్‌ఏ (పాలీలాక్టిక్ యాసిడ్) అనే ప్లాస్టిక్ పేరు వినిపిస్తుంది. మొక్కజొన్న పిండి, చెరకు చక్కెరల నుంచి చేస్తారు, దారం తీయడమూ కష్టం కాదు. కానీ అది చురుగ్గా కుళ్లాలంటే 60 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉంటుంది, మడిలో ఉండదు. అందుకే ‘కంపోస్టబుల్’ ముద్ర చూసి మురిసిపోనక్కర్లేదు. మొక్కల చుట్టూ నేలపై పరిచే మల్చింగ్ షీట్ల కోసం 2018లో వచ్చిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 17033 అడిగే ప్రశ్న నాకు నచ్చుతుంది: మామూలు మట్టిలో రెండేళ్లలోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారిందా, లేదా? ముక్కలైతే సరిపోదన్నమాట. ఈ గుడ్డలకూ అదే పరీక్ష పెట్టాలి.

నూలు, జనపనార నిజంగానే మట్టిలో కలుస్తాయి. అయితే వానకు నీళ్లు పీల్చి బరువెక్కి మొక్కల మీద వాలిపోతాయి, వెలుతురునూ ఆపేస్తాయి. పైగా రసం పీల్చే అతి చిన్న తామర పురుగును ఆపాలంటే రంధ్రం 0.2 మిల్లీమీటర్లకు మించకూడదు. ముతక దారంతో అది అయ్యే పని కాదు.

అసలు కథ అంచు దగ్గర ఉంది. కింద నుంచి పురుగు దూరకుండా అంచులను మట్టిలో పూడుస్తారు. తడి, సూక్ష్మజీవులు ఉండేది అక్కడే. పైన గుడ్డ కొత్తదానిలా ఉండగానే, నేలను తాకిన గీత వెంబడి చివికి, గాలికి తెగిపోతుంది. చిన్న పెంకు పురుగులకు ఆ సందు చాలు. పైభాగానికి శత్రువు ఎండ, అంచుకు శత్రువు మట్టి. ఇద్దరినీ ఒకే దారంతో ఎదుర్కోవాలనుకోవడమే పొరపాటని నా అభిప్రాయం. అంచుకు నెమ్మదిగా కరిగే మందపు పట్టీ వేరుగా కుట్టాలి. లేదా పూడ్చడం మానేసి బరువులు పెట్టాలి.

గట్టి పాలిథిన్ వలలను చుట్టి దాచుకుంటే చాలా సీజన్లు వస్తాయి, వాటి జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. ఒక్క పంటకే చిరిగే గుడ్డను మార్చాలి. దోస, గుమ్మడి లాంటి పాదులతో మొదలుపెట్టొచ్చు. పూత రాగానే తేనెటీగల కోసం గుడ్డ ఎలాగూ తీసేయాల్సిందే కాబట్టి, నాలుగైదు వారాలు నిలిస్తే చాలు. ఆ మడి మట్టిలోనే పురుగు ప్యూపాలు (రెక్కలు రాకముందు గూడులో ఉండే దశ) దాగి ఉంటే మాత్రం ఏ గుడ్డా కాపాడదు. శత్రువును లోపలే పెట్టి తలుపేసినట్టు అవుతుంది.

తయారీదారులు ప్యాకెట్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ బదులు రెండు అంకెలు వేస్తే బాగుంటుంది: మట్టి తగిలిన అంచు ఎన్ని వారాలు నిలుస్తుంది, ఎన్ని డిగ్రీల మట్టిలో ఎన్ని నెలలకు పూర్తిగా పోతుంది.