ఒక గోడ, పదమూడు పాచికలు

పోయిన ఆదివారం మా ఇంట్లో ఒక దొంగ గోడ దూకబోయాడు. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాడు. ఐదున్నరకి మా అత్తయ్యగారు కాఫీలు తెచ్చి, "ఏం బాబూ, వాడింకా గోడ దూకలేదా?" అని అడిగారు. దూకలేదు. అంత తేలిగ్గా దూకకూడదు కూడా. ఎందుకో చెబుతాను.

తెలియనివాళ్లకి ఒక మాట. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి కథ అల్లుకునే ఆట. ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు. గేమ్ మాస్టర్ అనే పెద్దమనిషి కథ నడుపుతాడు. తలపెట్టిన పని అయిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. మా ఇంట్లో దొంగ మా బావమరిది. పెద్దమనిషిని నేను.

ఈ ఆటల్లో ఒక్కోదానిదీ ఒక్కో పాచికల మతం. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇరవై ముఖాల డీ20 వేసి, పాత్ర నేర్పుని బట్టి బోనస్ కలుపుతారు, ఎంత ఎక్కువొస్తే అంత మంచిది. కాల్ ఆఫ్ కతుల్హూలో నూటికి ఎంత పడిందో చూస్తారు, అక్కడ తక్కువ రావాలి. ఇప్పటి షాడోరన్‌లో గుప్పెడు మామూలు పాచికలు పోసి, ఐదులూ ఆరులూ ఏరుకుంటారు. ఫేట్ అనే ఆట పాచికల మీద అసలు అంకెలే ఉండవు, ప్లస్సులూ మైనస్సులూ ఖాళీలూ తప్ప. ఇన్ని ఉండగా ఏదో ఒక్క పద్ధతి పట్టుకు వేలాడేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పెళ్లి భోజనానికి వెళ్లి పప్పన్నంతో లేచొచ్చినట్టు ఉంటుంది. అందుకే నేను అన్నీ కలిపాను.

మా ఇంట్లో గోడ దూకే విధానం ఇదీ. ముందు డీ20. దానికి 5 కలిపితే 15 రావాలి, వస్తే దొంగకి ధైర్యం వచ్చినట్టు. ఆ తర్వాత ఒకటి పదులూ ఇంకోటి ఒకట్లూ చెప్పే శాతం పాచికలు రెండు. 60 మించకపోతే గోడ అంచు చేతికి అందినట్టు. ఆ తర్వాత ఆరు మామూలు పాచికలు. కనీసం రెండింటి మీద ఐదో ఆరో పడితే పైకి ఎగబాకినట్టు. ఆఖర్న నాలుగు ప్లస్-మైనస్ పాచికలు. మొత్తం సున్నాకి తగ్గకపోతే అవతల కాళ్ల మీద పడ్డట్టు. వెరసి పదమూడు పాచికలు.

ఏ మెట్టు చూసినా మొగ్గు దొంగవైపే. నూటికి 55, 60, 65, 62. ఇంతకంటే ధర్మంగా ఎవరుంటారు? మా బావమరిది ఇంజనీరు. ఊరుకోకుండా ఫోన్ తీసి నాలుగూ గుణించాడు. "బావా, చివరిదాకా వెళ్లే అవకాశం నూటికి 13 మాత్రమే" అన్నాడు. నేను తొణకలేదు. పదమూడు పాచికలకి 13 శాతం. పాచికకి ఒక శాతం చొప్పున ఇంత కచ్చితంగా లెక్క కుదిరిన ఆట ఇంకోటి చూపించమన్నాను. చూపించలేకపోయాడు.

రెండో ప్రయత్నంలో శాతం పాచికల మీద 96 పడింది. వాడు సోఫాలోంచి లేచి గంతేశాడు. ఎక్కువొస్తే పండగన్న అలవాటు మరి. ఇక్కడ తక్కువ రావాలని గుర్తు చేశాను. నిమిషం కిందట డీ20 మీద ఎక్కువ రావాలని అడిగింది కూడా నేనే. నాలుగో కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడ్డాక, ఇది రెండో కౌంటర్ పని అని విన్నవాడి మొహం ఎలా ఉంటుందో, వాడి మొహం అలా అయింది.

ఇదంతా నా పైత్యం అనుకునేవాళ్లు కాస్త చరిత్ర తిరగేయాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. దాని తర్వాతి అవతారం అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో దొంగ గోడెక్కితే శాతం పాచికలు, ఎవరైనా తలుపు బద్దలు కొడితే ఆరు ముఖాలది, కత్తి దూస్తే డీ20. కత్తికి ఎక్కువ రావాలి. గోడకీ తలుపుకీ తక్కువ రావాలి. కవచం అంకె ఎంత తగ్గితే కవచం అంత గట్టిది. ఎంత నిండు సంసారం! 2000లో మూడో ఎడిషన్ తెచ్చి, దాదాపు అన్నిటికీ ఒకే డీ20, ఎక్కువొస్తే గెలుపు అనేశారు. ఇరవై ఆరేళ్ల ఆస్తి ఒక్క ఎడిషన్‌తో పోయింది. నేను చేస్తున్నది జీర్ణోద్ధరణ.

ఒక్క పొరపాటు మాత్రం ఒప్పుకోవాలి. మొదట్లో డీ20 ఆటలోని +5 బోనస్‌ని తీసుకెళ్లి రెండు మామూలు పాచికల ఆటలో పెట్టాను. డీ20లో ఒక్కో ప్లస్సుకీ అయిదు శాతమే కదా, ఎక్కడైనా అంతే అనుకున్నాను. ఆ ఆటది 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ పద్ధతి. మొత్తం 6 గానీ అంతకు తక్కువ గానీ అయితే దెబ్బ, 7 నుంచి 9 దాకా పని అయినా ఏదో ఒక చిక్కు, 10 గానీ ఆపైన గానీ అయితే పూర్తి గెలుపు. రెండు పాచికల మీదా ఒకటే పడినా, 2కి 5 కలిపితే 7. అంటే ఓడిపోదామన్నా కుదరదు. ఆ నెలంతా మావాళ్లు దేనికీ భయపడలేదు. మంత్రగాడైతే డ్రాగన్‌తో అద్దె బేరం ఆడి, దాని గుహలోనే కాపురం పెట్టాడు. ఇంకా ఖాళీ చేయలేదు.

మళ్లీ గోడ దగ్గరికొస్తే, ఆట వేగం పెంచడానికి ఆరున్నరకి ఒక సవరణ ప్రకటించాను. ఆరు పడిన పాచికని మళ్లీ వేసి కలుపుకోవచ్చు. పాచికలో పెద్ద అంకె పడితే ఇంకోసారి వేసే ఈ పద్ధతి 2003 నాటి సావేజ్ వరల్డ్స్‌లో ఉంది. కప్పులు తీస్తున్న అత్తయ్యగారు ఆగి విన్నారు.

"ఇందులో కొత్తేముంది బాబూ? అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా. దేనికైనా ఇంకో పందెం ఉండనే ఉంటుంది. ఈపాటికి నా కాయలు నాలుగూ పండిపోయేవి."

పెద్దావిడ మాట కాదనలేక గవ్వలు కూడా చేర్చాను. ఇప్పుడు పదిహేడు.

ఏడింటికి మా బావమరిది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "బావా, ఆ గోడకి గేటు లేదా?" అన్నాడు.

ఉంది. తాళం కూడా వేసి లేదు. కానీ అది దొంగ కంటపడిందో లేదో నా అంతట నేను చెప్పేస్తే ఎలా? దానికి ఏయే పాచికలు వెయ్యాలో రాస్తున్నాను. వచ్చే ఆదివారానికి అయిపోవచ్చు.