ఆంటీగారూ, ఆ మాత్ర ఇచ్చేది నేను

పొద్దున్న తడి చెత్త బకెట్ పట్టుకుని లిఫ్టు ఎక్కాను. తొమ్మిదో అంతస్తులో మన తెలుగు ఆంటీగారు ఎక్కారు. "బాబూ, ఒక మాట అంటాను, ఏమీ అనుకోవు కదా" అన్నారు. ఈ ముక్క తర్వాత మంచిమాట వచ్చిన దాఖలా నా నలభై ఏళ్ల జీవితంలో లేదు. "మీ ఆవిడ పిల్లాడికి రోజూ నిద్రమాత్ర వేస్తోందట. పసివాడికి మత్తు అలవాటు చేస్తే ఎలా? తనకు విశ్రాంతి కావాలంటే మాకు చెప్పమను, కాసేపు మేం ఆడిస్తాం."

లిఫ్టు కిందికి చేరింది. నేను "అలాగే ఆంటీ" అన్నాను. అలాగే ఏమిటి, నా మొహం! పొద్దున్నుంచి అదే గొంతులో అడ్డం పడి ఉంది. ఆఫీసులో మూడు మీటింగుల్లో కూర్చున్నాను, ఒక్కదానిలో ఏం మాట్లాడారో అడిగితే చెప్పలేను. అందుకని ఇక్కడ కక్కేస్తున్నాను. మా ఇంటి సంగతి తెలిసినవాళ్లు ఎలాగూ నా పక్షమే. మిగతావాళ్లు దాటుకుని పోవచ్చు.

అసలు ఆవిడకు ఎలా తెలిసిందంటే, పోయిన వారం మందుల దుకాణంలో కుర్రాడు మాత్రల అట్ట పైకెత్తి పట్టుకుని "సార్, ఇది పెద్దవాళ్లకా, పిల్లలకా" అని బెంగళూరులో మా కాడుగోడి పేటంతా వినబడేలా అడిగాడు. నా వెనకాల బీపీ మాత్రల కోసం ఆవిడే నిలబడి ఉన్నారు. చీటీ చూపించింది నేను. డబ్బు కట్టి సంచిలో వేసుకున్నదీ నేనే. ఆవిడ రెండు కళ్లతో చూసింది నన్ను. నేరం మాత్రం ఆ సమయానికి ఇంట్లో అన్నం వండుతున్న మా ఆవిడ మీద పడింది!

రాత్రిపూట ఆ మాత్ర ఇచ్చేది కూడా నేనే, ఎనిమిదింబావుకు. 3 మిల్లీగ్రాముల బిళ్ల. డాక్టరు సగంతో ఆపమన్నారు. మధ్యలో గీత మీద కత్తి పెట్టి నొక్కితే ఒక సగం బుద్ధిగా పడుతుంది, రెండోది పొడి అయి వంటగట్టు మీద చిమ్ముతుంది. చెంచాడు పెరుగులో కలపాలి. నీలం చెంచా అయితేనే. ఎర్ర చెంచా తీశానంటే ఆ రాత్రికి అందరికీ జాగరణే. పెరుగు మీద తెల్లటి పొడి ఒక్క రేణువు కనబడినా దాన్ని వేలితో తీసి నా చొక్కాకు తుడుస్తాడు. నా చొక్కాలన్నిటికీ ఎడమ భుజం మీద పెరుగు మరకలు. ఈ ఘనకార్యమంతా చేసేవాడిని నన్ను వదిలేసి, మా ఆవిడ పిల్లాడికి మత్తు పెట్టి సీరియల్ చూస్తోందని ప్రచారం.

మావాడికి ఏడేళ్లు, ఆటిజం ఉంది. ఐదేళ్లు నిండేదాకా రాత్రి ఒంటిగంట లోపు వాడు కన్ను మూసిన రోజులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఏడవడు, అల్లరి చేయడు. బాల్కనీ తలుపు నుంచి వంటింటి గడప దాకా మునివేళ్ల మీద నడుస్తాడు, తిరిగి వస్తాడు, మలుపు దగ్గర గోడను ఒక్కసారి తడతాడు. మళ్లీ నడక. ఆ తట్టిన చప్పుడు నాకిప్పటికీ నిద్రలో వినబడుతుంది. కారులో తిప్పితే కునుకు పట్టేది కాబట్టి తిప్పేవాడిని. సిల్క్ బోర్డు కూడలిని ఎక్కడా ఆగకుండా దాటే మహాభాగ్యం బెంగళూరులో ఎంతమందికి దక్కింది? నాకు దక్కింది, రాత్రి రెండున్నరకు, లెక్కలేనన్నిసార్లు. ఇంటికొచ్చి బండి ఆపగానే టక్కున కళ్లు తెరిచేవాడు. "మా రోజుల్లో జోలపాట పాడితే పడుకునేవారు" అనేవాళ్లు ఒక్కరాత్రి వచ్చి పాడండి. గొంతు పోతే మిరియాల పాలు నేను కాచిస్తాను.

డాక్టరమ్మ మొదటిరోజే మాత్ర రాసివ్వలేదు, ఆ సంగతీ చెప్పాలి. రెండు వారాలు ఏ వేళకు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు అని నోటుపుస్తకంలో రాయించారు. సాయంత్రం ఫోను, టీవీ బంద్. కిటికీకి మందపాటి పరదా. ఒకే వేళకు స్నానం, ఒకే వరసలో పనులు. మూడు నెలలు చేశాం. ఒంటిగంట నిద్ర పన్నెండున్నరకు వచ్చింది. మాకు అది దీపావళి. ఆ తర్వాతే ఆవిడ మెలటోనిన్ అన్నారు.

ఆంటీగారు మత్తు అంటున్నది దాన్నే. చీకటి పడగానే మన అందరి మెదడులో బియ్యపు గింజంత ఉండే పీనియల్ గ్రంథి వదిలే హార్మోను అది. అమెరికాలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడి బృందం 1958లో దాన్ని వేరుచేసింది ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి. ఆవు అంటే ఆంటీగారు కొంచెం మెత్తబడతారేమో. పొద్దుగూకిందని ఒంటికి అందే కబురు, అంతే. మావాడి ఒంట్లో ఆ కబురు మోసేవాడు దారిలో ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతాడు, బెంగళూరు కదా. అందుకని మేం బయటి నుంచి ఒక మనిషిని పంపిస్తున్నాం.

మంత్రమేమీ జరగలేదు. తొమ్మిదిన్నరకల్లా కళ్లు వాలతాయి. కొన్ని రోజులు మూడింటికే లేచి గోడ తడతాడు. మొదట్లో పూర్తి బిళ్ల ఇచ్చినప్పుడు పొద్దున్న బడిబస్సులో తూగాడు, అందుకే సగానికి దించారు. యూరప్‌లో ఆటిజం ఉన్న పిల్లల కోసమే మెలటోనిన్ మెల్లగా విడుదలయ్యే మాత్రకు 2018లో అనుమతి ఇచ్చారు. అంతకుముందు 125 మంది పిల్లల మీద పరీక్షిస్తే, 13 వారాలకు మాత్ర వేసుకున్నవాళ్లు ముందుకన్నా 57 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు 9 నిమిషాలు. 57 నిమిషాలంటే ఆంటీగారికి రెండు సీరియళ్లు. మా ఆవిడకు తల దువ్వుకుని, చల్లారని అన్నం తిని, నాతో నాలుగు మాటలు మాట్లాడే వ్యవధి. రెండేళ్ల తర్వాత మొదటిసారి వేడి అన్నం తిన్నరోజు ఆవిడ ఏడ్చింది. అది కూడా ఎక్కడైనా ప్రచారం చేయండి.

అయినా మందు గురించి ఎవరు ఎవరికి చెబుతున్నారు? పుట్టిన నెలకే పిల్లల నోట్లో గ్రైప్‌వాటర్ పోసిన తరం అది. ఒకప్పుడు అందులో సారా కలిసేది. అంతకుముందు తరం నల్లమందు గోరంత నాకించి పొలానికి పోయింది. అవన్నీ పెంపకం. డాక్టరు చీటీ మీద తూకం వేసి ఇచ్చే సగం బిళ్ల మాత్రం మత్తు!

ఇంకోవైపు మా చిన్నాన్న కొడుకు. అమెరికా నుంచి వస్తూ ఎలుగుబంటి బొమ్మల మెలటోనిన్ జెల్లీల సీసా తెచ్చాడు. "అన్నయ్యా, అక్కడ అందరూ చాక్లెట్లలా ఇస్తారు, రెండు పడేయి" అని. అక్కడ అది మందు కాదు, ఆహార సప్లిమెంటు, అంగట్లో దొరుకుతుంది. 2023లో అలాంటి జెల్లీలు 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో సీసా మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. ఒకదానిలో మూడింతలకు పైగా ఉంది, ఒకదానిలో అసలు మెలటోనినే లేదు. ఆ సీసా నేను చెత్తలో వేస్తే వాడికి కోపం వచ్చి నాతో మాట్లాడటం మానేశాడు. లాభమే. ఒకరు విషం అంటారు, ఒకరు పిప్పరమెంటు అంటారు, మధ్యలో కత్తితో సగం చేసుకునేవాడి గోడు ఎవరికి కావాలి?

నిజానికి నా మంట మాత్ర గురించి కాదు. రాస్తుంటే తెలుస్తోంది. మావాడికి రెండేళ్లప్పుడు మాటలు రాలేదని మా పెద్దమ్మ నిండు పంక్తిలో, అందరూ భోంచేస్తుండగా, మా ఆవిడను అడిగింది: "పురిట్లో వస నాకించలేదా అమ్మాయ్? ఉద్యోగాల్లో పడి మరిచిపోయి ఉంటావు." మా ఆవిడ తల వంచుకుని వడ్డిస్తూనే ఉంది. పక్కన నేను పప్పు కలుపుకుంటున్నాను. నేనూ తల్లిదండ్రుల్లో సగమే కదా, వస నేనెందుకు నాకించలేదని నన్ను ఒక్కరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. ఆరునెలల్లో ఆవిడ ఉద్యోగం మానేసింది. మాటలు ఆ తర్వాతా రాలేదు. నేను వాడిని పార్కుకు తీసుకెళితే మాత్రం "ఎంత ఓపికయ్యా నీకు" అంటారు, సన్మానం ఒక్కటే తక్కువ.

మన పెద్దమ్మలదే కాదు ఈ జబ్బు. అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం ఉన్న పదకొండు మంది పిల్లల గురించి రాశాక, తల్లులు చల్లటి ఫ్రిజ్‌ల లాంటివాళ్లు, ప్రేమ చూపరు, అందుకే పిల్లలు ఇలా అవుతారని చదువుకున్న దొరలే ఇరవై ఏళ్లకు పైగా వాయించారు. అది తప్పని 1964లో గట్టిగా రాసినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త. ఆయన కొడుక్కీ ఆటిజం ఉంది. ఒక తండ్రి నోరు విప్పాడు. నేను లిఫ్టులో "అలాగే ఆంటీ" అన్నాను.

పోనీ, నిద్ర మీద అంత శ్రద్ధ ఉన్న ఆంటీగారింట్లో పోయిన శనివారం ఏం జరిగింది? మనవరాలి పుట్టినరోజు, మేడ మీద డప్పులు, పదకొండున్నర దాకా. ఇళ్ల మధ్య రాత్రి పదింటి నుంచి ఆరింటి దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నుంచి నిబంధన ఉంది. సంఘం వాళ్లకు ఫోన్ చేస్తే "సర్దుకోండి సార్, పిల్లల సరదా" అన్నారు. తొమ్మిదిన్నరకు పడుకున్న మావాడు పదింటికి లేచి రెండు చెవులూ మూసుకుని మంచం కింద దూరాడు. సగం బిళ్ల కాదు, సీసాడు వేసినా ఆ డప్పులకు ఎవరు పడుకుంటారు?

ఆంటీగారూ, ఈ పోస్టు మీ కోడలు మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. సంక్రాంతికి మీరు అరిసెలు పంపిన స్టీలు డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది. అరిసెలు బాగున్నాయి, అది వేరే సంగతి. కడిగి పెట్టాను. ఎప్పుడైనా వచ్చి పట్టుకెళ్లండి. రాత్రి మూడింటికి వచ్చినా తలుపు తీస్తాను.