గోటితో పోయేదానికి రంపం

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలు అడిగారు. నిజమే, గొడ్డలితో కోత తిన్నగా రాదు. అందుకే నేను టన్ను బరువున్న బ్యాండ్ సా తెచ్చాను, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడున్న రంపం.

పుస్తకాల అర కోసం ఒక చెక్క పలకను రెండు ముక్కలు చేయాలి. చేతి రంపంతో అయిదు నిమిషాల పని. అయిదు నిమిషాల్లో అయిపోయే పని చేసేవాణ్ణి ఎవరైనా గౌరవిస్తారా?

యంత్రం ఓ షెడ్డు వెనక పిచ్చిమొక్కల్లో దొరికింది. ఒళ్లంతా పోత ఇనుము, చక్రాలు 36 అంగుళాలవి. అమ్మినాయన "పైపై తుప్పేనండీ" అన్నాడు. పెళ్లిళ్ల పేరయ్య మాట నమ్మినట్టు నమ్మాను. అయినా సుత్తితో తట్టి చూశాను. బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టే. పోత ఇనుముకు మామూలుగా వెల్డింగ్ పెడితే, చల్లారేటప్పుడు పక్కనే ఇంకో పగులిస్తుంది. అదృష్టం, యంత్రం ఖంగుమంది. సంగతి విని ఇంట్లోవాళ్లు ఖంగుతిన్నారు.

తుప్పుకు మందు కరెంటు స్నానం. తొట్టిలో నీళ్లు, వాషింగ్ సోడా, ఒక బ్యాటరీ ఛార్జర్. తుప్పు వదలాల్సిన భాగానికి నెగటివ్ తీగ, పనికిరాని ఇనుప ముక్కకు పాజిటివ్. తీగలు తారుమారైతే తుప్పుకు బదులు యంత్రమే కరుగుతుంది. ఇంత శ్రద్ధగా నేనెన్నడూ తలంటు పోసుకోలేదు.

ఇక బేరింగులు. అవి బాబిట్‌వి, అంటే తగరం, యాంటిమొనీ, రాగి కలిసిన మెత్తటి లోహం. అరిగితే కొత్తవి కొని తొడగడం కుదరదు, కరిగించి ఇరుసు చుట్టూ పోసుకోవాలి. అంటుకోకుండా ఇరుసుకు ముందే మసి పట్టించాలి. లోపల చుక్క తేమ ఉన్నా కరిగిన లోహం ఎగిరి మొహాన పడుతుంది. మొదటిసారి పోసింది సగంలో గడ్డకట్టింది. రెండోసారిది నిండింది గానీ వంకరగా నిండింది. మూడోసారి సంగతి చెప్పను, దిష్టి తగులుతుంది.

ఆలస్యమైందని సాధించేవాళ్లకు కాస్త చరిత్ర. ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1809లోనే ఇలాంటి రంపానికి పేటెంట్ తీసుకున్నాడు. చిక్కల్లా బ్లేడుతోనే, అతుకు దగ్గర పుటుక్కుమనేది. నిలబడే అతుకుకు ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే ఆవిడ పేటెంట్ తీసుకునేసరికి 1846 వచ్చింది. అంటే 37 ఏళ్లు. నాకు పట్టింది రెండేళ్లే.

మోటారు గొడవ ఎత్తను. త్రీ ఫేజ్ అన్న మాట మా ఇంట్లో నిషేధం.

చక్రాలకు కొత్త రబ్బరు టైర్లు వేశాను. వాటి నడుమ కాస్త ఉబ్బు ఉంటుంది, బ్లేడు జారకుండా నిలిచేది దాని పుణ్యానే. స్విచ్ వేసి, బల్ల మీద ఒక నాణేన్ని అంచు మీద నిలబెట్టాను. పడలేదు! అదురంతా పోత ఇనుము మింగేసింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా నాణెం నిలబడిందని ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం "ఇంతకీ చెక్క కోస్తుందా?" అన్నాడు. రసికత లేనివాళ్లు ప్రతిచోటా ఉంటారు.

సరే, కోసి చూపిద్దామని పలక కోసం వెతికాం. అది రంపం పీఠం కిందే ఉంది. నేల ఎగుడుదిగుడుగా ఉందని, యంత్రాన్ని నిలబెట్టిన రోజు చేతికందిన చెక్కను కింద దోపాం. ఇప్పుడది తీయాలంటే టన్ను బరువు లేపాలి.

ఒకచోట పాత చైన్ పుల్లీ ఉందట. పైపై తుప్పేనంటున్నారు.