పులుసు గిన్నె మీద తిరుగుతున్న సందేశానికి జవాబు

నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని నెలలుగా ఒక సందేశం చేతులు మారుతోంది. సత్తు (అల్యూమినియం) గిన్నెలను బ్రిటిషువాళ్లు జైళ్లలోని మన ఖైదీలను మెల్లగా చంపడానికే తెచ్చారని, ఆ గిన్నె లోపల పట్టే నలుపే విషమని, అయస్కాంతం అంటుకునే స్టీలు నకిలీదని, పాత లోహాన్ని కరిగించి చేసిన సామాను సత్తువ కోల్పోతుందని, కాబట్టి అన్నీ పాత సామాన్లవాళ్లకు వేసేసి చేపల పులుసును ఇత్తడి గిన్నెలో వండి మర్నాటిదాకా అందులోనే ఉంచి తినాలని దాని సారాంశం. ఆ చివరి సలహా ఆరోగ్యానికి హాని చేసేది కనుక ముందు దాని సంగతే చూద్దాం.

చింతపండు పులుపు, ఉప్పు, గాలి కలిసిన చోట రాగి కరుగుతుంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపుకు జింకు మరింత సులువుగా లొంగుతుంది. మా అవ్వ ఇత్తడి గిన్నెలో ఒకసారి కళాయి, అంటే లోపలి తగరం పూత, అరిగిన సంగతి గమనించకుండా పులుసు ఉంచారు. తెల్లారి చూస్తే పులుసు మట్టం ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అక్కడ, గిన్నె చుట్టూ గీత గీసినట్టు పచ్చటి చిలుము కనిపించింది. ఆ గీత అక్కడే పడటానికి కారణం ఉంది. మామూలు పులుపు ఒక్కటే రాగిని పెద్దగా కరిగించలేదు, దానికి గాలిలోని ఆక్సిజన్ తోడు కావాలి. ఆ రెండూ బాగా కలిసేది ద్రవం అంచు దగ్గరే. రాగి మోతాదు మించితే కడుపునొప్పి, వాంతులు వస్తాయి. తాగే నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాములకు మించి రాగి ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. రాగి చెంబులో మంచినీళ్లు ఉంచడానికీ, పులుపు ఉంచడానికీ ఉన్న తేడా ఇదే.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టే కళాయి ఉంది. గిన్నెను కాల్చి, నవసాగరమనే ఉప్పు చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా పూసేవారు. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది గనుక ఖాళీ గిన్నెను పొయ్యి మీద మరిచిపోతే కళాయి చెడుతుంది. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండమని పాతకాలం పేరు చెప్పి సలహా ఇవ్వడం పాతకాలాన్ని తెలుసుకోకపోవడమే. మర్నాటికి రుచెక్కే మన పులుసుకు మన ఇళ్లలో మట్టి చట్టి వాడేవారన్నది కూడా ఇక్కడ గుర్తు చేయాలి.

ఇక సత్తు గిన్నె నలుపు. అల్యూమినియం మీద ఎప్పుడూ పలుచటి ఆక్సైడు పొర ఉంటుంది. నీళ్లు మరిగినప్పుడు ఆ పొర మందమై, నీటిలోని ఖనిజాలతో కలిసి నల్లగా కనిపిస్తుంది. అది లోహాన్ని కాపాడే పొర. చింతపండుతో తోమి తళతళలాడించిన గిన్నెలోనే మరుసటి వంటకు లోహం ఎక్కువగా దిగుతుంది. పులుపు పదార్థాలను సత్తు గిన్నెలో ఎక్కువసేపు వండటం, నిల్వ ఉంచడం మంచిది కాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే కడుపులోకి వెళ్లిన అల్యూమినియంలో నూటికి ఒక వంతు కూడా రక్తంలో చేరదు, చేరినదాన్ని చాలావరకు కిడ్నీలు బయటికి పంపుతాయి. అంతర్జాతీయ నిపుణుల సంఘం 2011లో వారానికి శరీర బరువు కిలోకు 2 మిల్లీగ్రాములను హద్దుగా నిర్ణయించింది. అంటే 60 కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు. సత్తు గిన్నెల వల్ల ఆల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వస్తుందన్న భయానికి మూలం 1960లలో కుందేళ్ల మీద జరిగిన ప్రయోగాలు, 1970లలో డయాలసిస్ నీటిలోని అల్యూమినియం వల్ల కిడ్నీ రోగులకు వచ్చిన మెదడు జబ్బు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు జాగ్రత్తపడటం న్యాయం. గిన్నెలో వండుకున్నందుకు ఆల్జీమర్స్ వస్తుందని మాత్రం రుజువు కాలేదు.

జైలు కథకు ఆ సందేశం ఏ ఏడో, ఏ జైలో చెప్పలేదు. జరిగింది ఇది: విద్యుత్తుతో అల్యూమినియాన్ని చవగ్గా తీసే పద్ధతి 1886లో దొరికింది. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1898 ప్రాంతంలో, మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే బ్రిటిష్ ఇంజనీరు అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టారు. అది ఇక్కడి పనివాళ్లకు కొత్త పరిశ్రమ కల్పించడానికి చేసిన ప్రయత్నం.

అయస్కాంతం మాటకొస్తే, స్టెయిన్‌లెస్ స్టీలులో ఎక్కువ భాగం ఇనుమే. తుప్పు పట్టకుండా ఆపేది కనీసం నూటికి పదిన్నర పాళ్లు ఉండే క్రోమియం. ఒంగోలు దగ్గరి కొణిజేడు కొండల మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం రాయికి అయస్కాంతం అంటుకుంటుంది, 18 పాళ్ల క్రోమియం, 8 పాళ్ల నికెల్ ఉన్న 304 రకం స్టీలుకు అంటుకోదు. రెండింటిలోనూ ఇనుముంది, అణువుల అమరిక వేరు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక 200 రకాలకూ అది అంటుకోదు కనుక ఈ పరీక్షలో నాసిరకం కూడా గట్టెక్కుతుంది. నికెల్ లేని 430 మంచి స్టీలే, కానీ అయస్కాంతం అంటుకుంటుంది. ఆ గుణమే లేకపోతే ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె వేడెక్కదు. మీ ఇంటి 304 గ్లాసు అంచు దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి. నొక్కి సాగదీసినప్పుడు లోపలి అమరిక కొంత మారుతుంది గనుక, అడుగున పట్టనిది అంచున కాస్త పట్టవచ్చు.

చివరగా, కరిగించిన లోహం. రాగిని ఎన్నిసార్లు కరిగించినా విద్యుత్తుతో శుద్ధి చేసి నూటికి 99.99 పాళ్ల స్వచ్ఛతకు తేవచ్చు. పాత అల్యూమినియాన్ని కరిగించడానికి, బాక్సైట్ ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో 5 శాతం చాలు. ఆ సందేశం వాడమంటున్న ఇత్తడి గిన్నెలు కూడా చాలావరకు పాత ఇత్తడిని కరిగించి చేసినవే. నిజంగా చూడవలసింది కొలిమిలోకి ఏం వెళ్లిందన్నది. ఇంజను భాగాలూ సీసం అంటిన తుక్కూ ఏరకుండా కలిపి పోతపోసిన సత్తు గిన్నెల నుంచి సీసం వంటలోకి దిగుతుందని విదేశాల్లో పరీక్షలు చూపించాయి. వంటపాత్రలకు ఏ అల్యూమినియం వాడాలో చెప్పే భారతీయ ప్రమాణం ఉంది; 2024లో స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు కూడా ఇచ్చింది. పోత గిన్నె కొనేటప్పుడు అడుగు తిప్పి ఆ ముద్ర ఉందో లేదో చూడండి.